లిటిల్ లీగ్‌లో అమ్మాయి పిచర్: వార్తలో ఏది ముందు?

ప్రశ్న: పిల్లల బేస్‌బాల్ టోర్నీ మీద రిపోర్టు రాస్తున్నాను. గెలిపించిన పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ప్లేయర్) అమ్మాయి. ఆ మాట శీర్షికలో పెట్టాలా?

జవాబు 1: ముందు ఆట రాయండి. 2014 ఆగస్టు 15న లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) వరల్డ్ సిరీస్‌లో మోనే డేవిస్ అనే అమ్మాయి నాష్‌విల్ జట్టుకు రెండే హిట్లిచ్చింది (బ్యాటర్ కొట్టి బేస్ చేరితే హిట్), 8 మందిని స్ట్రైకవుట్ చేసింది (మూడు స్ట్రైక్‌లతో ఔట్), ఒక్క వాక్ (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కు ఊరికే దక్కే బేస్) ఇవ్వలేదు. స్కోరు 4-0. మొదటి వాక్యానికి ఈ అంకెలు చాలు. ఆ సిరీస్‌లో షటౌట్ (ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వకపోవడం) సాధించిన తొలి అమ్మాయి అన్నది రెండో వాక్యం. "అబ్బాయిలా విసిరింది" అని మాత్రం రాయకండి, అది మెచ్చుకోలు కాదు.

జవాబు 2: వేగం దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. మోనే బంతి గంటకు 70 మైళ్లు. లిటిల్ లీగ్‌లో పిచింగ్ దూరం (పిచర్ నుంచి బ్యాటర్ నిలబడే చోటుకు) 46 అడుగులు, పెద్దల ఆటలో 60 అడుగుల 6 అంగుళాలు. 60.5ని 46తో భాగించి 70తో గుణిస్తే 92 వస్తుంది. అది బ్యాటర్‌కు దొరికే సమయం లెక్క, అసలు వేగం కాదు. "92 మైళ్లతో విసిరింది" అంటే తప్పే.

జవాబు 3: "తొలి" అనే ముందు ఏ విషయంలో తొలో చూసుకోండి. అమెరికాలోని హోబోకెన్‌లో మరియా పెపె అనే అమ్మాయిని 1972లో లిటిల్ లీగ్ ఆడకుండా ఆపేశారు. దాని మీద నడిచిన కేసు వల్లే 1974లో అమ్మాయిలకు అనుమతి వచ్చింది. 1984లోనే విక్టోరియా రోష్ అనే అమ్మాయి వరల్డ్ సిరీస్ ఆడింది. ఇంకోటి, మ్యాచ్ అయ్యాక అబ్బాయిలను అడిగే ప్రశ్నలే మీ పిచర్‌నూ అడగండి: ఏ కౌంట్‌లో (అప్పటికి పడిన బాల్స్, స్ట్రైక్‌ల లెక్క) కర్వ్ (వంపు తిరిగే బంతి) వేసింది, ఎందుకు?