జింకల వేటలో వాసన సీసాలు నిజంగా పనిచేస్తాయా?

ప్రశ్న: మేం వర్జీనియాలో ఉంటాం. పక్కింటాయన పుణ్యమా అని రెండేళ్లుగా విల్లుతో వైట్‌టెయిల్ (తెల్లతోక) జింకల వేటకు వెళ్తున్నాను. (మన దేశంలో అయితే 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం కింద జైలే!) ఎదకొచ్చిన ఆడజింక వాసనకు మగది పరుగెత్తుకొస్తుందంటే, అక్టోబర్ మొదట్లో అలాంటి వాసన ద్రవం, సింథటిక్‌ది (కృత్రిమంగా చేసింది), ఒక సీసా కొన్నాను. దూదికి పట్టించి కొమ్మకు వేలాడదీసి, నాలుగు గంటలు మంచె మీద కూర్చున్నాను. ఒక ఆడజింక వచ్చింది. ముక్కు పైకెత్తింది, ముందు కాలు నేలకేసి టపటపా కొట్టింది, తెల్లతోక ఎత్తి ఒకటే పరుగు. ఇరవై డాలర్లు గోవిందా. లోపం సీసాదా, నాదా?

జవాబు 1: గాలి నీ వెనక నుంచి వీచిందా? అయితే అది పసిగట్టింది నిన్నే బాబూ. ఇంతకీ ఆ జాకెట్ ఎక్కడ తగిలిస్తావు?

జవాబు 2: సింథటిక్ కొని మంచి పని చేశారు. ఇక్కడ వేటలో అసలు జింక మూత్రం వాడకం 2015 నుంచి నిషేధం. జింకలకు సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బును కలిగించే ప్రయాన్లు (వికృతమైన ప్రొటీన్లు) మూత్రంలోనూ ఉంటాయి, మట్టిలో ఏళ్ల తరబడి చావవు.

జవాబు 3: అక్టోబర్ మొదట్లో ఆ వాసన ఎవరిక్కావాలండీ? ఎద జోరు నవంబర్ మధ్యలో. అప్పుడు కూడా దాన్ని నమ్మి గాలిని మరవొద్దు. నా అనుభవంలో సీసా వల్ల మగజింక ఒక్క క్షణం ఆగి మూతి చాస్తుంది, అంతే. బాణానికి ఆ క్షణం చాలు.

ప్రశ్న అడిగినవారు: జాకెట్ వంటింటి తలుపు వెనకే అన్నా. ఆ పొద్దున ఇంగువ పోపు కూడా పెట్టాం.