అమ్మకి వెయిటెడ్ వెస్ట్ కొనాలా? రెండు చేతుల్లో నీళ్ళ క్యాన్లు చాలవా?

కృష్ణలంక_కుర్రోడు
అమ్మకి 58 ఏళ్ళు, బరువు 62 కిలోలు. ఈమధ్య డెక్సా స్కాన్‌లో తుంటి ఎముక కాస్త పలచబడిందని వచ్చింది, ఆస్టియోపీనియా అన్నారు. డాక్టరు గారు మందులేమీ రాయలేదు. నడవమన్నారు, కొంచెం బరువులతో వ్యాయామం చెయ్యమన్నారు. డాలస్‌లో ఉన్న అక్కేమో "ఇక్కడ మా కాలనీలో ఆడవాళ్ళంతా లోపల బరువులుండే జాకెట్, అదే వెస్ట్, వేసుకునే నడుస్తున్నారు, ఏడు కిలోలది పంపిస్తా" అంటోంది. "నాకు బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ ఎందుకురా" అని అమ్మ గొడవ. అసలు వెస్ట్ వల్ల ఎముక గట్టిపడుతుందా? జిమ్‌లో ఫార్మర్స్ వాక్ అని చేతుల్లో బరువులు పట్టుకుని నడుస్తారు కదా, అది చాలదా?

పార్క్_బ్యాచ్_హైదరాబాద్
కొనెయ్ తమ్మీ, ఇంత ఆలోచనెందుకు? నేను పొద్దుగాల కేబీఆర్ పార్క్‌ల వెస్ట్ ఏసుకొనే నడుస్త. అదే రూటు, అదే టైము, చెమట మాత్రం మస్తు పడుతది. చేతులు ఖాళీగుంటయ్. అదే క్యాన్లు పట్టుకొని తిరిగితే జనం నీళ్ళు అమ్మెటోడనుకుంటరు. ఇగ ఎముకల సంగతంటవా, మీద బరువు పడితెనే ఎముక గట్టిపడుతది. దీంట్ల డౌటేముంది?

ఫిజియో_బెజవాడ
డౌటుంది సార్. అమెరికాలో వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ వాళ్ళు ఊబకాయం ఉన్న 150 మంది పెద్దవాళ్ళని మూడు గుంపులు చేసి ఏడాది పాటు చూశారు. ఒక గుంపుకి డైటు మాత్రమే. రెండో గుంపుకి డైటుతో పాటు రోజులో ఎక్కువసేపు వెస్ట్. ఒంట్లో తగ్గిన బరువుకి బదులు అందులో బరువు పెంచుతూ పోయారు. మూడో గుంపుకి డైటుతో పాటు జిమ్ బరువులు. 2025లో ఫలితాలు వచ్చాయి. మూడు గుంపుల్లోనూ తుంటి ఎముక పలచబడింది, వెస్ట్ ఆపలేకపోయింది.

అయితే వాళ్ళు డైటింగ్‌లో ఉన్నవాళ్ళు. ఈయన అమ్మగారు డైటింగ్‌లో లేరు. కాబట్టి దీన్నే పట్టుకుని వెస్ట్ దండగ అని తేల్చెయ్యను.

పార్క్_బ్యాచ్_హైదరాబాద్
మరి వెస్ట్‌తోని ఎముక నిలబడ్డదని ఇంకో స్టడీ ఉన్నది కద సార్, అయిదేండ్లు చేసిన్రు. అది చెప్పరేంది?

ఫిజియో_బెజవాడ
అమెరికాలోని ఒరెగాన్‌ది, 2000లో వచ్చింది. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళు అయిదేళ్ళు చేశారు, తుంటి ఎముక నిలబడింది, నిజమే. కానీ మొత్తం కలిపి 18 మందే. పైగా వాళ్ళు ఊరికే నడవలేదు, వెస్ట్ వేసుకుని గెంతారు. మరి పనిచేసింది వెస్టా, గెంతులా? ఎముకకి మెల్లగా మోసే బరువు కంటే ఒక్కసారిగా తగిలే అదురు ఎక్కువ పని చెబుతుంది. అలాగని 58 ఏళ్ళావిణ్ణి, ఎముక పలచబడిందన్నాక, రేపటి నుంచి గెంతమని నేను చెప్పను.

మిర్చియార్డు_మనవడు
మీ చర్చ చదువుతుంటే నవ్వొస్తంది. మా తాత గుంటూరు యార్డులో ముఠా కూలీగా పని చేశాడు. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, వీపు మీదేసుకుని, చెక్క బల్ల మీదుగా లారీ ఎక్కేవాడు. అరవై దాటేసరికి నడుం వంగిపోయింది, మెట్టెక్కాలంటే గోడ పట్టుకునేవాడు. బరువు మోస్తే ఎముక గట్టిపడేదైతే మా పేటలో ముసలోళ్ళంతా ఈపాటికి ఉక్కుమనుషులై ఉండాల. ఆయన మోస్తే కూలి, మీరు డబ్బులిచ్చి మోస్తే ఫిట్‌నెస్సా?

ఫిజియో_బెజవాడ
మీ కోపం న్యాయమైనదే అండి. కానీ తాతగారి నడుము తినేసింది బరువొక్కటే కాదు. ఎంత బరువు, రోజుకి ఎన్నిసార్లు, మధ్యలో విశ్రాంతి ఉందా లేదా, అదంతా లెక్కలోకి వస్తుంది. ఒక మగ కార్మికుడితో 55 కిలోల కంటే ఎక్కువ మోయించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. మన బడిపిల్లల బ్యాగు వాళ్ళ బరువులో పదో వంతు దాటకూడదని 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ చెబుతోంది. ఆ లెక్కన చూసినా అక్క పంపే ఏడు కిలోలు అమ్మగారికి ఎక్కువే. మూడు కిలోలతో మొదలుపెట్టాల్సిన మనిషి ఆవిడ.

డాబా_మీద_ఇందిర
నాకు 61. మా డాబా మీద రోజూ చేస్తాను కాబట్టి చెబుతున్నా బాబూ. అయిదు లీటర్ల నూనె క్యాన్లు ఖాళీ అయినవి రెండు తీసుకో. మొదట సగానికి నీళ్ళు నింపి అమ్మ చేతికివ్వు. సగం క్యాను తేలికే అనుకుంటాం గానీ అడుగు వేసినప్పుడల్లా లోపల నీళ్ళు అటూ ఇటూ కొడతాయి, మనం బిగబట్టి నడవాల్సొస్తుంది. ప్లాస్టిక్ పిడి వేళ్ళని కోసేస్తుంది, పాత లుంగీ గుడ్డ చుట్టాలి. అలవాటయ్యాక ఒక్క చేత్తో ఒక్క క్యానే పట్టుకోమను. ఒళ్ళు ఆ పక్కకి ఒరిగిందా, ఆ రోజుకి బరువెక్కువైందని లెక్క.

ఇంకో మాట. కళ్ళు తిరిగితే క్యాన్లు అక్కడే దించేసి కూర్చోవచ్చు. ఆ జాకెట్ బెల్టులు, వెల్‌క్రోలు విప్పుకునేదెప్పుడు? అదీ మన బెజవాడ మే నెల ఎండలో!

పార్క్_బ్యాచ్_హైదరాబాద్
ఆంటీ, ఎండ సంగతి ఒప్పుకుంట. కానీ రెండు చేతుల్ల క్యాన్లుంటే కాలు జారినప్పుడు దేన్ని పట్టుకుంటరు? వేళ్ళ కీళ్ళు నొప్పులున్నోళ్ళు ఏం జేయాలె? కాళ్ళు అలసిపోకముందే పట్టు జారిపోతది. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు చంటిపిల్లల్ని చంకనేసుకొని ఎక్కెటోళ్ళు లేరా? ఒంటికి ఆనుకున్న బరువు మోసుడు అలకగుంటది, వెస్ట్‌ల సుఖం అదే.

ఫిజియో_బెజవాడ
జారడం గురించి మీరన్నది సరైన మాట. అందుకే మెట్ల మీద చేతుల్లో బరువు వద్దు, చదును నేల మీదే నడవాలి.

పట్టు జారిపోతుందన్నారే, నేను క్యాన్ల వైపు మొగ్గడానికి అదే కారణం. మన దేశంతో కలిపి 17 దేశాల్లో దాదాపు 1,40,000 మంది చేతి పట్టు కొలిచి చూసిన అధ్యయనం 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పట్టు తగ్గినవాళ్ళలో మరణాలు ఎక్కువ. పట్టు పెంచుకుంటే ఆయుష్షు పెరుగుతుందని దానర్థం కాదు, ఒంట్లో సత్తువకి పట్టు ఒక గుర్తు, అంతే. అయినా కూరగాయల సంచి, నీళ్ళ బిందె, మనవడు, అమ్మగారు రోజూ మోసేవన్నీ చేతులతోనే కదా. వెస్ట్ వేసుకుంటే కాళ్ళకి పని పెరుగుతుంది, చేతులకేం పెరుగుతుంది?

కృష్ణలంక బాబూ, క్యాన్లు ఇచ్చేముందు రెండు విషయాలు కనుక్కో. ఈ కొన్నేళ్ళలో అమ్మ పొట్టి అయ్యారా? అయితే వెన్నుపూస ఎక్కడైనా నలిగిందేమో ఎక్స్‌రేలో చూపించాకే ఏ బరువైనా. దగ్గినప్పుడు మూత్రం జారుతోందా? ఇది కొడుకుతో చెప్పరు, అక్కని అడగమను. ఉంటే బరువులు కొన్నాళ్ళు ఆపి ముందు దాని సంగతి చూపించుకోవాలి. క్యాన్లు నేల మీంచి ఎత్తొద్దు, స్టూలు మీద పెట్టి అక్కడి నుంచి తీసుకోవాలి.

మిర్చియార్డు_మనవడు
స్టూలు మాట బాగుంది. మా తాతకైతే ఆ టిక్కీ ఎత్తడానికి ఇంకో మనిషుండేవాడు.

కృష్ణలంక_కుర్రోడు
అందరికీ థాంక్స్. అమ్మ ఎత్తు గోడ మీద గుర్తు పెట్టి కొలిచా. పాత రిపోర్టులో ఉన్న ఎత్తే ఉంది. రెండో ప్రశ్న అక్కకి అప్పజెప్పా. ఫోన్ పట్టుకుని అరగంట నుంచి గదిలోనే ఉన్నారిద్దరూ. ఇందిర గారూ, నూనె క్యాన్ జిడ్డు ఎలా వదిలించారండీ? ఎంత కడిగినా పిడి జారుతూనే ఉంది.

డాబా_మీద_ఇందిర
వేడినీళ్ళల్లో కుంకుడుకాయ రసం పోసి ఒక పూట నానబెట్టు. పిడికి మాత్రం శనగపిండి రుద్దు.

పార్క్_బ్యాచ్_హైదరాబాద్
తమ్మీ, అక్క ఆల్రెడీ ఆర్డర్ పెట్టి ఉంటే ఆ వెస్ట్ నాకియ్యి. మా బామ్మర్ది అడుగుతున్నడు.