గేమింగ్ పీసీకి 7800ఎక్స్3డీనా, 14700కేనా?

కొత్తబిల్డ్:
ఇప్పుడున్నది రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 బోర్డు, డీడీఆర్4 ర్యామ్. ఈమధ్యే గ్రాఫిక్స్ కార్డు మార్చి ఆర్‌టీఎక్స్ 4070 సూపర్ పెట్టాను. మానిటర్ 1440పీ, 165 హెర్ట్జ్. ఎక్కువగా కౌంటర్ స్ట్రైక్ 2, సెలవు రోజుల్లో సైబర్‌పంక్, అప్పుడప్పుడూ వీడియో ఎడిటింగ్. ప్రాసెసర్ ఏఎండీ రైజెన్ 7 7800ఎక్స్3డీ తీసుకోనా, ఇంటెల్ కోర్ ఐ7 14700కే తీసుకోనా? వీడియోలు చూసి చూసి బుర్ర వేడెక్కింది. ఒక్క మాటలో చెప్పండి ప్లీజ్.

మౌనముని:
7800ఎక్స్3డీ.

ఫ్రేమ్‌పిచ్చి:
మౌనముని గారు చెప్పేశారు కానీ ఎందుకో నేను చెప్తాను. 7800ఎక్స్3డీలో కోర్లు 8 మాత్రమే, కానీ ఎల్3 కాష్ 96 ఎంబీ. 14700కేలో అది 33 ఎంబీ. గేమ్‌కి మాటిమాటికీ కావలసిన డేటా చిప్‌లోనే దొరికితే ప్రాసెసర్ ర్యామ్ దాకా వెళ్ళి ఎదురుచూడక్కర్లేదు, అందుకే సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) కన్నా 1 శాతం లోస్‌లో (బాగా నెమ్మదించిన ఫ్రేముల్లో) తేడా ఇంకా బాగా తెలుస్తుంది, అంటే స్మోక్ పడిన చోట నలుగురు ఒకేసారి దూకినప్పుడు వచ్చే ఆ చిన్న తడబాటు తగ్గుతుంది. పైగా దీని టీడీపీ 120 వాట్లు, గేముల్లో అంత కూడా లాగదు. అవతలిది టర్బోలో 253 వాట్ల దాకా వెళ్తుంది.

అర్ధరాత్రిరెండర్:
మళ్ళీ మొదలు. ఆ వీడియోల్లోని గ్రాఫులన్నీ 4090 కార్డు పెట్టి 1080పీలో తీసినవి బ్రో. అతని దగ్గరున్నది 4070 సూపర్, ఆడేది 1440పీలో. అక్కడ కార్డే ముందు చేతులెత్తేస్తుంది, ఏ ప్రాసెసర్ పెట్టినా దాదాపు అదే ఎఫ్‌పీఎస్. 14700కేలో 20 కోర్లు, 28 థ్రెడ్లు. ఎడిటింగ్ అని అతనే రాశాడు, నీకు కనపడలేదా? అందులో వీడియో పనికే ఉన్న క్విక్ సింక్ భాగం, మంచి కెమెరాలు తీసే 4:2:2 హెచ్‌ఈవీసీ ఫుటేజీని హార్డ్‌వేర్‌లోనే డీకోడ్ చేస్తుంది, 4070 సూపర్ చెయ్యలేదు. టైమ్‌లైన్ లాగుతుంటే తెలుస్తుంది ఆ సుఖం.

ఫ్రేమ్‌పిచ్చి:
1080పీలో ఎందుకు టెస్ట్ చేస్తారో తెలిసి కూడా అలా అంటావేంటి? కార్డు అడ్డు తీసేస్తేనే కదా ప్రాసెసర్ సత్తా బయటపడేది. 4కేలో కొలిస్తే నువ్వు కొలిచేది కార్డుని.

అర్ధరాత్రిరెండర్:
నేను ఆడేది టెస్ట్ బెంచ్ మీద కాదు.

పాతబోర్డు:
బీ450 ఉందిగా, 5700ఎక్స్3డీ ప్రాసెసర్ దొరికితే అందులోనే పెట్టేయొచ్చు. బోర్డు, ర్యామ్ ఏమీ మార్చక్కర్లేదు.

లోవోల్టేజ్:
13, 14 తరాల ఇంటెల్ సంగతి ఎవరూ ఎత్తరేం? ఎక్కువ వోల్టేజ్ అడిగి చిప్ అరిగిపోయే సమస్య ఉందని కంపెనీయే ఒప్పుకుంది. దిద్దుబాటుగా 2024 ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్), సెప్టెంబర్‌లో 0ఎక్స్12బీ ఇచ్చారు, బాక్స్ ప్రాసెసర్లకి వారంటీ ఇంకో రెండేళ్ళు పెంచారు. ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఆ అప్‌డేట్ బాగుచేయదు. సెకండ్ హ్యాండ్ 14700కే జోలికి మాత్రం పోవద్దు.

అర్ధరాత్రిరెండర్:
అది నిజమే, కాదనను. కానీ 2023 ఏప్రిల్‌లో ఏఎండీ ఎక్స్3డీ చిప్‌లు సాకెట్‌లోనే కాలిపోయిన ఫోటోలు కూడా చూశాం, తర్వాతే చిప్‌కి వెళ్ళే ఎస్ఓసీ వోల్టేజ్‌ని 1.3 వోల్టుల దగ్గర ఆపారు. రెండు వైపులా బయాస్ (బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తోనే సర్దుకున్నారు. ఒకరి తప్పు చరిత్ర, ఇంకొకరి తప్పు మర్చిపోవాల్సింది, అంతేనా?

ఫ్రేమ్‌పిచ్చి:
చరిత్ర వదిలెయ్, నా సంగతి విను. ఇంతకుముందు ఒక అమ్మినవాడి మాట విని కోర్లు ఎక్కువున్న పెద్ద ప్రాసెసర్ కొన్నాను. "ఈ కూలర్ చాలు సార్" అన్నాడు. ఎండాకాలం వచ్చేసరికి మ్యాచ్ మొదలైన కాసేపటికే 100 డిగ్రీలు, క్లాక్ పడిపోవడం, ఫ్యాన్ మోత హెడ్‌ఫోన్స్ దాటి వినపడటం. వెళ్ళి అడిగితే "మీ గదిలో గాలి లేదు" అన్నాడు. అప్పటినుంచి వాట్లు తక్కువుంటే తప్ప ముట్టుకోను.

అర్ధరాత్రిరెండర్:
అది కూలర్ తప్పు. బయాస్‌లో పవర్ లిమిట్ తగ్గించి ఉంటే గేముల్లో తేడా కూడా తెలిసేది కాదు. ఒకడు నీకు చెత్త కూలర్ అంటగట్టాడని ఊళ్ళో వాళ్ళందరినీ 8 కోర్ల మీద బతకమంటావా?

ఫ్రేమ్‌పిచ్చి:
బతకమనట్లేదు, గేమింగ్ పీసీ అని అడిగాడు, గేమింగ్ ప్రాసెసర్ చెప్పాను. నీకు రెండరింగ్ ఉంటే నీ ఏడుపు నువ్వు ఏడువు, అతని థ్రెడ్‌లో ఎందుకు?

మౌనముని:
మాటలు జాగ్రత్త ఇద్దరూ.

అర్ధరాత్రిరెండర్:
సరే, మాటలు తగ్గిస్తాను, అసలు విషయానికి వస్తాను. నీ లెక్కలో కార్డు రెండేళ్ళకోసారి మారుతుంది, ప్రాసెసర్ ఉండిపోతుంది. అందుకే ఇంకా రాని కార్డుకి సరిపోయే ప్రాసెసర్ వెతుకుతావు. నేను అలా ఎప్పుడూ చేయలేదు. కొన్న పీసీ మొత్తం పాతబడే వరకు వాడతాను, ఒక్క స్క్రూ విప్పను, పని కూడా అందులోనే. రాని కార్డు కోసం ఈ రోజు రెండర్ టైమ్ ఎందుకు వదులుకోవాలి?

ఫ్రేమ్‌పిచ్చి:
హమ్మయ్య, ఇన్ని పోస్టుల తర్వాత ఈ మాట వచ్చింది. అవును, నేను అలాగే కొంటాను. 7800ఎక్స్3డీ కూర్చునే ఏఎం5 సాకెట్‌కి 9800ఎక్స్3డీ కూడా వచ్చింది, బోర్డు మార్చకుండా అందులోనే కూర్చుంటుంది. మీ 14700కే సాకెట్ ఎల్‌జీఏ1700 మాత్రం 14వ తరంతో ముగిసింది, తర్వాతి కోర్ అల్ట్రా 200ఎస్ కావాలంటే బోర్డు కూడా మార్చాలి.

అర్ధరాత్రిరెండర్:
స్క్రూ విప్పనివాడికి సాకెట్ బతికుంటే ఎంత, పోతే ఎంత?

లోవోల్టేజ్:
కొత్తబిల్డ్ తమ్ముడూ, ఇది వాళ్ళిద్దరి మధ్య తేలేది కాదు. నీ పీసీలోనే తేల్చుకో. కౌంటర్ స్ట్రైక్‌లో రిజల్యూషన్ బాగా తగ్గించి చూడు. ఎఫ్‌పీఎస్ పెరిగితే అడ్డు కార్డు, కదలకపోతే ప్రాసెసర్. సైబర్‌పంక్‌లోనూ అంతే.

కొత్తబిల్డ్:
చూశాను. కౌంటర్ స్ట్రైక్‌లో 720పీకి దించినా అంకె కదల్లేదు. సైబర్‌పంక్‌లో పాత్ ట్రేసింగ్ (కార్డుకి బరువైన వెలుతురు సెట్టింగ్) పెడితే కార్డు 98 శాతం, రిజల్యూషన్ తగ్గిస్తే ఎఫ్‌పీఎస్ పెరిగింది.

ఫ్రేమ్‌పిచ్చి:
చెప్పానా!

అర్ధరాత్రిరెండర్:
సైబర్‌పంక్‌లో కార్డే అడ్డు. నేనూ చెప్పాను.

ఫ్రేమ్‌పిచ్చి:
తమ్ముడూ, డీఎల్ఎస్ఎస్ (చిన్న రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే సెట్టింగ్) ఆఫ్‌లో చూశావు కదా? పాత్ ట్రేసింగ్ అంటే ఎవరైనా అది ఆన్ చేసే ఆడతారు. 1440పీలో క్వాలిటీ మోడ్ పెడితే లోపల గీసేది 960పీనే. 1080పీ టెస్టులు ఎవరికీ పనికిరావు అన్నవాళ్ళు ఈ లైన్ రెండుసార్లు చదవాలి.

అర్ధరాత్రిరెండర్:
ఆ పాయింట్ ఒప్పుకుంటాను. కానీ తమ్ముడూ, ఎడిటింగ్ ఎంతసేపు చేస్తావు, ఏ కెమెరా ఫుటేజీ? అది చెప్పు.

కొత్తబిల్డ్:
ఫోన్‌లో తీసినవే అన్నా, చిన్న చిన్న క్లిప్పులు. నెలకి ఒకటో రెండో.

అర్ధరాత్రిరెండర్:
దానికి 20 కోర్లు అక్కర్లేదు. నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా, కానీ ఫ్రేమ్‌పిచ్చికి వెయ్యను. పాతబోర్డు చెప్పిందే చెయ్యి, 5700ఎక్స్3డీ వెతుకు. అందులోనూ కాష్ 96 ఎంబీనే, కానీ క్లాక్ తక్కువ, తరం కూడా పాతది.

ఫ్రేమ్‌పిచ్చి:
దొరక్కపోతే 7800ఎక్స్3డీ. దొరికితే మాత్రం 3600 బోర్డులో ఉండగానే బయాస్ అప్‌డేట్ చేసెయ్. కొత్త చిప్ పెట్టాక చూద్దాంలే అనుకుంటే చాలా బీ450 బోర్డుల్లో స్క్రీన్ కూడా రాదు.