చలికాలం, పండగ సాయంత్రం, చంటిపిల్ల: స్ట్రోలరా, క్యారియరా?

లహరి (చర్చ మొదలుపెట్టినవారు):
ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ లోపు పిల్లల్ని పండగ దీపాలు, ఊరేగింపు చూపించడానికి చలికాలం సాయంత్రం తీసుకెళ్ళడం గురించి మూడు వాదనలు వింటుంటాం. స్ట్రోలర్ చాలని కొందరు, ఒంటికి కట్టుకునే క్యారియరే మేలని కొందరు, అసలు చీకటి పడ్డాక పిల్లల్ని బయటికి తీయడమే తప్పని ఇంకొందరు. చలి 8–10 డిగ్రీలు, జనం బాగా ఉన్నారు, గంటన్నర తిరగాలి అనుకుని చెప్పండి. "జాగ్రత్తగా ఉండండి" అని వదిలేయకుండా, ఏం వేయాలి, ఎక్కడ తేడా కొడుతుంది అన్నది రాయండి.

రాజ్యం, పిల్లల నర్సు:
జనంలో అయితే నా ఓటు క్యారియర్‌కే. స్ట్రోలర్‌లో ఉన్న పిల్లకి కనిపించేవి పెద్దవాళ్ళ మోకాళ్ళు, చేతి సంచులు. పైగా మనం నడుస్తూ వేడెక్కుతుంటే, పిల్ల కదలకుండా కూర్చుని చల్లబడుతుంది. బరువుతో పోలిస్తే పిల్లల ఒంటి ఉపరితలం ఎక్కువ కాబట్టి మనకంటే త్వరగా వేడి పోగొట్టుకుంటారు. "మనకంటే ఒక పొర ఎక్కువ" అనే మాట స్ట్రోలర్‌కి సరిపోతుంది. క్యారియర్‌లో మన ఒళ్ళే ఆ పొర. అక్కడ అదనపు స్వెటర్ వేస్తే పిల్ల చెమట పడుతుంది, ఆ తడి చల్లారాక అసలు చలి అప్పుడు పడుతుంది. అందుకే లోపలి పొర మందపాటి నూలు బనియన్ కాకుండా పల్చటి ఉన్నిదో థర్మలో అయితే మంచిది. నూలు తడి పట్టి ఉంచుతుంది.

వేలాడే పాదాలే క్యారియర్‌లో బలహీనమైన చోటు. ప్యాంటు పైకి జరిగి పిక్కలు బయటపడతాయి. మోకాలి దాకా వచ్చే మేజోళ్ళు ఒక జత చాలు. రెండు జతలు కుక్కితే బూటు బిగుసుకుని రక్తం సరిగ్గా ఆడదు, పాదం ఇంకా చల్లబడుతుంది.

సుధాకర్:
రాజ్యం గారూ, 12 కిలోల పిల్లని గంటన్నర మోయడం గురించి కూడా మాట్లాడాలి కదా. నేల తడిగా ఉండి పెద్దవాళ్ళు జారితే, ముందుకి కట్టుకున్న పిల్ల మీదే పడతారు. పొర తీయాలంటే మొత్తం విప్పాలి. స్ట్రోలర్‌లో దుప్పటి ఒక చేత్తో లాగేస్తే సరి.

స్ట్రోలర్‌లో చాలామంది మరిచిపోయేది కింద నుంచి వచ్చే చలి. సీటు గుడ్డ పల్చగా ఉంటుంది, దాని కింద గాలి ఆడుతుంది. పైన రెండు దుప్పట్లు కప్పడం కంటే ఒకటి మడిచి పిల్ల కింద వేసి, ఒకటి పైన కప్పడం మేలు. పైదాన్ని నడుం దగ్గర నుంచి కాళ్ళ కింద దాకా దోపండి, లేదంటే చక్రంలో చిక్కుతుంది. గాలి తగులుతోందని హుడ్ మీద నుంచి దుప్పటి కప్పి మూసేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. లోపల గాలి ఆడదు, పిల్ల ముఖం మనకి కనబడదు.

ఇంకొకటి: సంచులన్నీ హ్యాండిల్‌కి తగిలిస్తారు. పిల్లని ఎత్తుకున్న మరుక్షణం స్ట్రోలర్ వెనక్కి తిరగబడుతుంది. బరువు కింది బుట్టలోనే పెట్టాలి.

మాధవి:
ఏది వాడాలన్న దానికంటే ఎప్పుడు బయల్దేరాలన్నది పెద్ద ప్రశ్న అని నా అభిప్రాయం. ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. రాత్రి ఎలాగూ ఆలస్యమవుతుందని మధ్యాహ్నం కునుకుని సాయంత్రం 5 దాకా సాగదీస్తారు. దానివల్ల పడక ఇంకా వెనక్కి పోతుంది తప్ప లాభం లేదు. చలికాలంలో చీకటి తొందరగా పడుతుంది, అది మనకి కలిసొచ్చే విషయం. దీపాలు వెలిగే వేళకి అక్కడుండి, జనం ముదిరేలోపు బయటపడండి. గంటన్నర కాదు, 45 నిమిషాలు చాలు. భోజనం ముందే పెట్టేయండి.

కారులో తిరిగొచ్చేవాళ్ళు బయల్దేరే ముందే డైపర్ మార్చి, పడుకునే బట్టలు వేసేస్తే, ఇంటికొచ్చాక నిద్రలోనే పక్క మీదకి చేర్చవచ్చు. కారు సీటులో ఉబ్బు జాకెట్‌తో కూర్చోబెట్టకండి. బెల్టు బిగుతుగా ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ గుద్దుకున్నప్పుడు జాకెట్‌లోని గాలి అణిగిపోయి బెల్టు వదులవుతుంది. జాకెట్ తీసి బెల్టు పెట్టి, భుజం దగ్గర బెల్టుని రెండు వేళ్ళతో గిల్లి చూడండి. మడత వేళ్ళకి చిక్కితే ఇంకా వదులుగా ఉన్నట్టే. దుప్పటి బెల్టు పైన కప్పండి.

లహరి:
చేతులు మంచులా ఉంటే వెంటనే వెనక్కి తిరగాలా?

రాజ్యం, పిల్లల నర్సు:
చేతుల్ని బట్టి లెక్క వేయకండి, ఆ వయసులో అవి చల్లగానే ఉంటాయి. మెడ వెనక కాలరు లోపల వేళ్ళు పెట్టి చూడండి. వెచ్చగా పొడిగా ఉంటే సరే. తడిగా ఉంటే ఒక పొర తీయాలి. చల్లగా ఉంటే లోపలికి, వెచ్చటి చోటికి వెళ్ళాలి. వణుకుతూనో, అకారణంగా మందకొడిగానో ఉంటే ఆలోచించక్కర్లేదు, ఇంటికే. మెడకి మఫ్లర్ చుట్టకండి, దేనికైనా తగులుకుంటే బిగుస్తుంది. తల మీద నుంచి తొడిగే మంకీ క్యాప్ నయం.

సుధాకర్:
చప్పుడు సంగతి ఎవరూ ఎత్తలేదు. స్పీకర్లు, బాణసంచా ఉన్నచోట ఇయర్‌మఫ్‌లు (చప్పుడు తగ్గించేలా చెవుల్ని కప్పేవి) కావాలి. క్యాప్ మీద నుంచి పెడితే ఉన్ని వల్ల మెత్తటి అంచు చెవి చుట్టూ అతుక్కోదు, సందులోంచి చప్పుడు లోపలికి పోతుంది. ముందు మఫ్, దాని మీద క్యాప్. క్యారియర్‌లో నిద్రపోయిన పిల్ల తల మన ఛాతీకి ఆనగానే ఒకవైపు మఫ్ పక్కకి జరుగుతుంది, రాజ్యం గారు ఇది కూడా లెక్కలోకి తీసుకోవాలి. అన్నిటికంటే దూరమే మంచి మందు: స్పీకర్ నుంచి ఉన్న దూరాన్ని రెట్టింపు చేస్తే, ఆరుబయట చప్పుడు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది.

రాజ్యం, పిల్లల నర్సు:
మఫ్ విషయంలో ఒప్పుకుంటాను. చలికంటే నన్ను ఎక్కువ భయపెట్టేవి పండగ చోట్ల అమ్మే మెరిసే బొమ్మలు. వాటిలో బటన్ బ్యాటరీలుంటాయి, చాలావాటికి మూతకి స్క్రూ ఉండదు. పిల్ల మింగితే, బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుని 2 గంటల్లోనే తీవ్రంగా కాల్చేయగలదు. వాంతి చేయించవద్దు, తక్షణం ఆసుపత్రికి పరుగెత్తాలి. ఏడాది దాటిన పిల్ల అయి, మింగి 12 గంటలు కాకుండా ఉండి, గుటక వేయగలుగుతుంటే దారిలో 10 నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వవచ్చు, 6 సార్లకి మించకూడదు. తేనె కోసం ప్రయాణం ఆపకూడదు. ఇక పాప్‌కార్న్, పల్లీలు నాలుగేళ్ళు నిండేదాకా వద్దు, ఊపిరి గొట్టంలో పడతాయి.

మాధవి:
రెండున్నరేళ్ళ పిల్ల స్ట్రోలర్‌లోనూ కూర్చోదు, క్యారియర్‌లోనూ ఉండదు, నడుస్తానంటుంది. ఇద్దరు పెద్దవాళ్ళుంటే, జనం పల్చగా ఉన్న అంచున నడిపించండి, జనం మధ్యలోకి వెళ్ళేముందు ఎత్తుకోండి. ఒక్కరే అయితే స్ట్రోలర్ లేకుండా వెళ్ళొద్దంటాను, ఈ ఒక్క విషయంలో సుధాకర్ గారి పక్షమే. బయల్దేరే ముందు ఆ రోజు బట్టల్లో పిల్ల ఫొటో ఒకటి తీయండి. తప్పిపోతే కంగారులో స్వెటర్ రంగు కూడా నోటికి రాదు. ఫోన్ నంబరు ముంజేతి లోపలివైపు చెరగని మార్కర్‌తో రాయండి. కాగితం మీద రాసి జేబులో పెడితే, జాకెట్ విప్పినప్పుడు అది జాకెట్‌తోనే పోతుంది.