‘నెవర్‌మైండ్’ ఏ ప్రతిలో వినాలి?

అమెరికన్ రాక్ బృందం నిర్వాణ రెండో ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ను పలుమార్లు, పలు ప్రతులలో విన్నవారి సలహా కోరుతున్నాను. సుమారు 600 డాలర్ల ఖర్చుతో రికార్డయి 1989లో వెలువడిన తొలి ఆల్బమ్ ‘బ్లీచ్’ తరువాత, 1991 సెప్టెంబరులో వచ్చిన ఈ ఆల్బమ్ 1992 జనవరిలో మైఖేల్ జాక్సన్ ‘డేంజరస్’ను వెనక్కి నెట్టి అమెరికాలో మొదటి స్థానానికి చేరిన సంగతి ఇక్కడి రాక్ శ్రోతలకు చెప్పనక్కరలేదు.

నా సందేహమంతా ధ్వని గురించే. కాలిఫోర్నియాలోని సౌండ్ సిటీ స్టూడియోలో బుచ్ విగ్ రికార్డు చేసిన పాటలకు తుది మిక్సింగ్ (విడివిడిగా రికార్డయిన గొంతు, వాద్యాల ధ్వనులను సమతూకంగా కలపడం) ఆండీ వాలెస్ చేశారు. విగ్ స్వయంగా చేసిన తొలి మిక్స్‌లు 2011 నాటి ప్రత్యేక సంచికలో వెలుగు చూశాయి. ఈ రెండింటినీ పక్కపక్కన విన్నవారికి డేవ్ గ్రోల్ డ్రమ్స్‌లోనూ, గిటార్ల బరువులోనూ ఎలాంటి తేడా వినిపించింది? కర్ట్ కొబేన్ సోఫాలో పడుకుని దాదాపు గొణుగుతూ పాడిన ‘సంథింగ్ ఇన్ ది వే’ వంటి నెమ్మదైన పాటలో ఆ తేడా పట్టించుకోదగినదేనా? వాలెస్ నునుపు పెట్టడం వల్లే ఇది రేడియోకు నప్పిందన్న వాదన నాకు సగమే నమ్మకంగా ఉంది, ఎందుకంటే బాణీల బలం తక్కువేమీ కాదు.

మరొకటి: తొలి ముద్రణలలో పొరపాటున తప్పిపోయిన ‘ఎండ్‌లెస్, నేమ్‌లెస్’, అంటే చివరి పాట తరువాత దీర్ఘ నిశ్శబ్దం గడిచాక మొదలయ్యే రహస్య గీతం, ఉన్న పాత సీడీని కొనేముందు ఎలా గుర్తుపట్టవచ్చో తెలిసినవారు దయచేసి వివరించగలరు.