గుణము లేనివాఁడె గొప్పవాఁడు: ఈ వారం సమస్య

నిర్వాహకుడు, విశాఖపట్నం:
ఆటవెలది చివరి పాదం ఇచ్చాను, పై మూడు పాదాలు మీరు పూరించాలి. అయిదూ సూర్యగణాలే (గురువు, లఘువు లేదా మూడు లఘువులు), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) గు–గొ. నిర్గుణ బ్రహ్మాన్ని తెచ్చి గట్టెక్కడం ఈసారి చెల్లదు. ఒక శాస్త్రాన్నో వృత్తినో పట్టుకోండి. అక్కడ గుణమంటే ఏమిటో పద్యంలోనే తెలియాలి.

కంచరపాలెం (ధనుర్విద్య):
పార్థు చేతి వింట బలమైన నారి, యా
విల్లు పట్టఁ డొకఁడు వెన్నదొంగ
గెలుపు తెచ్చె నతఁడె గీతయుఁ జెప్పెను
గుణము లేనివాఁడె గొప్పవాఁడు

భీమిలి:
గుణమంటే వింటినారి. ‘నారి’ మొదటి పాదంలోనే పడింది కాబట్టి నిఘంటువు తిరగేసే పని లేదు. కృష్ణుడికి శార్ఙ్గమనే విల్లు లేదా అని ఎవరైనా అడ్డుపడవచ్చు. కురుక్షేత్రంలో ఆయుధం పట్టనని మాటిచ్చాడు, పద్యమూ పార్థుడి రథం దాటి పోలేదు. చెల్లుతుంది.

మద్దిలపాలెం (వ్యాకరణం):
ఆ సురేంద్రునందు నా మహేశునియందు
నత్వ మిత్వ మేత్వ మయ్యెఁ గాదె
హరికి నట్టి సంధి యక్కరయే లేదు
గుణము లేనివాఁడె గొప్పవాఁడు

భీమిలి:
నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. పాణిని ‘అదేఙ్ గుణః’ అని అ, ఏ, ఓలకు గుణమని పేరు పెట్టాడు. సుర+ఇంద్ర కలిస్తే ఏకారం వచ్చింది, అదే గుణసంధి. హరి పేరులో కలపడానికి రెండు పదాలే లేవు. రెండో పాదంలో సూత్రమంతా అయిదు గణాల్లో ఇమిడింది. చిన్న పట్టింపు: మహా+ఈశలో రెండూ దీర్ఘాలు, మీరేమో అత్వం, ఇత్వం అన్నారు. ‘గణేశునియందు’ అని మార్చినా సగం తప్పే తీరుతుంది, గణ+ఈశలో ఈకారం దీర్ఘమే కదా. గుణసంధిని చెప్పే ‘ఆద్గుణః’ సూత్రం హ్రస్వదీర్ఘాలు రెంటికీ వర్తిస్తుంది కనుక వదిలేద్దాం.

రేవువీధి (ఓడల మోకులు):
మూడు పురుల మోకు ముడివేసి యోడను
రేవు గట్టివేయు రీతిఁ జూడు
కట్టు లేక పొంగు సాగరునిఁ గనుము
గుణము లేనివాఁడె గొప్పవాఁడు

భీమిలి:
ఊహ మన హార్బరుదే, సంతోషం. మూడో పాదంలో గణాలు సరిపోయాయి గాని యతి తప్పింది. ‘క’కు ‘సా’ ఎలా కుదురుతుంది? ప్రాసయతీ (రెండో అక్షరాల పొత్తు) లేదు. ‘కట్టు లేక పొంగు కడలిరాయనిఁ గను’ అంటే నగము, నలము అనే ఇంద్రగణాలు పడి యతి నిలుస్తుంది.

రేవువీధి:
దిద్దుకున్నానండీ. సంస్కృతంలో తాడూ గుణమే, అందులోని పురీ గుణమే. పోగులను ఒక దిక్కుకు మెలిపెట్టి పురి చేస్తారు, మూడు పురులను ఎదురు దిక్కుకు పేనుతారు. రెండు మెలికలూ ఒకే దిక్కైతే మోకు దానంతటదే విడిపోతుంది.

సీతమ్మధార:
పద్యం ఇంకా కుదరలేదు గాని ఆలోచన చెబుతాను. బీజగణితంలో ‘ఎక్స్’ ముందు ఏమీ రాయకపోతే గుణకం 1. అది గుణం లేనివాడి గొప్పే కదా?

భీమిలి:
అది గుణకమండీ, గుణం కాదు. పైగా రాయలేదంటే లేదని కాదు. నిజంగా లేదంటే సున్నా, అప్పుడు ఆ పదమే మాయం. ‘ద్విగుణం, త్రిగుణం’లో గుణానికి రెట్లు అనే అర్థం ఉంది, అటు నుంచి ప్రయత్నించండి.

నిర్వాహకుడు:
ఆయుర్వేదం వైపు ఎవరూ పోలేదేం? గురు, లఘు, శీత, ఉష్ణ అంటూ ఇరవై గుణాలున్నాయక్కడ. ‘మందు గుణం చూపింది’ అని రోజూ అంటూనే ఉంటాం. శుక్రవారం రాత్రి దాకా గడువు.