కర్త: రిజిస్ట్రీ కాగితంలో ఒకరు, గోదావరి ఒడ్డున ఒకరు

'కర్త' అన్న మాట గురించి రాయాలనిపించింది. బడిలో 'పని చేసేవాడు' అని చెప్పారు. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని మాట ఇంకా లోతైనది: "స్వతంత్రః కర్తా". ఆ పనిలో ఎవరికి స్వతంత్రం ఉంటే వారే కర్త. ఆడా మగా అన్న ప్రసక్తే లేదు.

హనుమకొండలో భూమి రిజిస్ట్రీకి పోతే డాక్యుమెంట్ రైటర్ "ఉమ్మడి కుటుంబ కర్తగా, కుటుంబ అవసరముల నిమిత్తము" అని రాస్తాడు. ఆ హోదాతో మిగతావాళ్ల వాటా కూడా అమ్మవచ్చు. కానీ నిజంగా అవసరమో, కుటుంబానికి మేలో లేకపోతే వాటాదారులు కోర్టుకెక్కి ఆ అమ్మకాన్ని కొట్టేయించవచ్చు. చాలాకాలం ఈ కర్త ఇంట్లో పెద్ద మగవాడే. హిందూ వారసత్వ చట్టానికి 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ పెళ్లికాని ఆడబిడ్డలకు వాటా ఇచ్చింది, 2005 కేంద్ర సవరణ బిడ్డలందరినీ కొడుకులతో సమానం చేసింది. ఇంట్లో పెద్దదైతే బిడ్డ కూడా కర్త కావచ్చని 2015 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

మూడో కర్తను చావు దగ్గరే చూస్తాం. మా పెద్దనాయన అస్థికలు కలపడానికి కాళేశ్వరం పోయినప్పుడు అయ్యగారు "కర్త ముందుకు రావాలె" అన్నారు. పెద్దనాయనకు ఇద్దరూ ఆడబిడ్డలే. చుట్టాలంతా నా దిక్కు చూశారు. పెద్దక్క తడి చీరతోనే వచ్చి కూర్చుంది. దర్భ ఉంగరం వదులై జారుతుంటే అయ్యగారు ముడి బిగించి మళ్లీ తొడిగించారు. నీళ్లు వదలమంటే వదిలింది, పిండం పెట్టమంటే పెట్టింది. అందులో స్వతంత్రం ఎక్కడిది? అయినా వ్యాకరణం ఆ మనిషిని వదిలిపెట్టదు. చేయించేవారు ప్రయోజక కర్త, చేసేవారు ప్రయోజ్య కర్త.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది తెలుగు వాక్యం. "ఏడ్చాను" అంటే కర్త నేనే. "నాకు ఏడుపొచ్చింది" అంటే కర్త ఏడుపు, నేను 'కు' తగిలించుకుని పక్కకు జరిగినట్టే. కోపం, జాలి, నవ్వు, భయం అన్నీ ఇట్లా మన మీదికి వచ్చేవే. కాళేశ్వరం నుంచి తిరిగొస్తూ మహాదేవ్‌పూర్ దాటాక అక్క "నాకు ఏడుపు కూడా రాలేదురా" అన్నది. పొద్దుటి నుంచి అయ్యగారు కర్త అని పిలిచిన మనిషి, తన దుఃఖం గురించి చెప్పిన మాటలో కర్త కాదు.

మా దిక్కు ఊళ్లో వాడుక 'తలకొరివి పెట్టినోడు', 'కర్త' మాత్రం అయ్యగారి నోటనే వింటాం. బిడ్డ తలకొరివి పెడితే మీ ఊళ్లో ఏమంటున్నారు? కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లు తప్పకుండా రాయండి.